అద్దె ఇల్లు ఖాళీ చేయించడం

అద్దె గడువు తీరినా ఇల్లు వదలని కిరాయిదారు నుంచి యజమాని తన ఆస్తిని చట్టప్రకారం తిరిగి స్వాధీనం చేసుకునే ప్రక్రియ ఇది. భారతదేశంలో ఇది సివిల్ వ్యవహారం. అగ్రిమెంటులో రాసుకున్న తేదీ వచ్చినంత మాత్రాన ఇల్లు యజమాని చేతికి రాదు. ఆ తేదీన కిరాయిదారుకు ఉండే హక్కు పోతుంది కానీ అతని స్వాధీనం పోదు. స్వాధీనాన్ని అతను తనంతట తాను వదలాలి, లేదా కోర్టు వదిలించాలి. మూడో దారి లేదు. ఇళ్ల యజమానులు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ మూడో దారి వెతుక్కోవడం వల్ల వచ్చినవే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ తగాదా ఎలా నడుస్తుందో రెండు విషయాలు తేలుస్తాయి. ఒకటి, ఆ భవనానికి ఏ చట్టం వర్తిస్తుందన్నది. రెండోది, గడువు తీరిన తర్వాతి కొన్ని వారాల్లో యజమాని ఏం చేశాడన్నది. కిరాయిదారు ఎంత మొండివాడన్నది మూడో స్థానంలోనే వస్తుంది.

అద్దె నియంత్రణ, సాధారణ చట్టం

భూములు, భవనాల అద్దెలకు దేశమంతటికీ మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. 105 నుంచి 117 వరకూ సెక్షన్లు అద్దెల గురించినవి. ఇందులో యజమాని, కిరాయిదారు సమాన స్థాయి గల పార్టీలు. గడువు తీరితే, లేదా నోటీసుతో అద్దె రద్దయితే, కారణం చెప్పనక్కర లేకుండానే యజమాని ఇల్లు అడగవచ్చు.

నగరాల్లో ఇళ్ల కొరత ముదిరినప్పుడు ఈ సమానత్వం కాగితం మీద మిగిలింది. బొంబాయిలో 1918లోనే అద్దె నియంత్రణ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో అద్దె నియంత్రణ ఉత్తర్వులు వెలువడ్డాయి. తర్వాత ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం నడిచాయి. ఆ రెండింటి స్థానంలో వచ్చినదే ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ) నియంత్రణ చట్టం, 1960. దీని కింద గడువు తీరడం ఒక్కటే చాలదు. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, చెప్పిన పనికి కాక వేరే పనికి వాడటం, భవనాన్ని పాడుచేయడం, చుట్టుపక్కల వారికి ఇబ్బంది కలిగించడం, యజమాని హక్కునే కాదనడం, యజమానికి నిజంగా సొంత అవసరం పడటం వంటి కారణాల్లో ఒకటైనా రుజువు చేయాలి. కేసు రెంట్ కంట్రోలర్ ముందు నడుస్తుంది. హైదరాబాదులో ఈ కేసులకు చాలాకాలంగా చిరునామా పురానీ హవేలీలోని సిటీ స్మాల్ కాజెస్ కోర్టు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేడు నగరంలో అద్దెకిచ్చే ఫ్లాట్లలో దాదాపు దేనికీ ఈ 1960 చట్టం వర్తించదు. మొదట్లో 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్లు కట్టేవారిని ప్రోత్సహించడం దాని ఉద్దేశం. పాతికేళ్లు దాటాక కూడా ఆ మినహాయింపును కొనసాగించడం సమానత్వానికి విరుద్ధమని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత మినహాయింపులు మారుతూ వచ్చి 2005 సవరణతో ఒక రూపానికి వచ్చాయి. కట్టి 15 ఏళ్లు దాటని భవనాలకు, మున్సిపల్ కార్పొరేషన్లలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకు చట్టం వర్తించదు. ఇవాళ కూకట్‌పల్లిలోనో విజయవాడ పటమటలోనో ఒక్క గది కూడా ఆ అద్దెకు దొరకదు. కాబట్టి నియంత్రణ చట్టం మిగిలింది ప్రధానంగా పాత బజార్లలోని పాత కిరాయి దుకాణాలకే. మిగతా వారంతా 1882 చట్టం కిందికి, సివిల్ కోర్టుకు వస్తారు. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెలపై వేరే చట్టం చేసుకుంది కనుక, అక్కడి తగాదా ఏ చట్టం కింద పడుతుందో వకీలుతో ముందే తేల్చుకోవాలి. తప్పు కోర్టులో వేసిన కేసు ఏళ్ల తర్వాత ‘ఇక్కడ కాదు’ అని తిరిగొస్తుంది.

పదకొండు నెలల అగ్రిమెంటు

ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1882 చట్టంలోని 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలల అగ్రిమెంటుకు అలవాటు పడింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ ఉపాయం పారదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం 1999 ఏప్రిల్ 1 నుంచి ఎంత కాలపు లీజు అయినా రిజిస్టరు చేయించాల్సిందే. అయినా ప్రతి జిరాక్స్ సెంటర్లో ఖాళీలు నింపి వంద రూపాయల స్టాంపు పేపరు మీద అచ్చేసే అగ్రిమెంట్లు అవే పదకొండు నెలలవి.

దాని ఫలితం కోర్టులో బయటపడుతుంది. రిజిస్టరు కాని కాగితంలోని షరతులను సాక్ష్యంగా చూపడం కుదరదు. ఎవరు ఏ హోదాలో ఆ ఇంట్లో ఉన్నారన్న పక్క విషయానికే అది పనికొస్తుంది. తగినంత స్టాంపు లేకపోతే లోటుకు పది రెట్ల వరకూ జరిమానా కట్టాకే కోర్టు దాన్ని చూస్తుంది. అగ్రిమెంటులో యజమాని ముచ్చటపడి రాయించుకున్న ‘గడువు దాటితే రోజుకు వెయ్యి రూపాయలు’ అనే షరతు అలా గాల్లో కలుస్తుంది. అద్దె నెలనెలా నడిచేదిగా లెక్కకొస్తుంది. యజమానికి మాత్రం దీని వల్ల పెద్ద నష్టమేం లేదు. నెలవారీ అద్దెను పదిహేను రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు. మూడేళ్లు ఉందామని నమ్మి లోపల ఏసీలు, కప్‌బోర్డులు పెట్టించుకున్న కిరాయిదారే నిజానికి ఎక్కువ పోగొట్టుకుంటాడు.

గడువు దాటాక తీసుకున్న అద్దె

గడువు ముగింపులో యజమానులు ఊహించని చిక్కు ఇదే. 1882 చట్టంలోని 116వ సెక్షన్ ప్రకారం, గడువు తీరాక కిరాయిదారు ఉండిపోయి, యజమాని అద్దె పుచ్చుకుంటే లేదా మరో విధంగా సమ్మతిస్తే, అద్దె మళ్లీ మొదలైనట్టే. ఇంటి విషయంలో అది నెలనెలా సాగుతుంది. సమ్మతి లేకుండా ఉండిపోయినవాడికి చట్టంలో దాదాపు ఏ రక్షణా లేదు. అతని మీద దావాకు నోటీసు కూడా అక్కర్లేదు. సమ్మతి ఉంటే మాత్రం నోటీసు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. డబ్బు ముట్టినంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టు కాదని, యజమాని ఉద్దేశమేమిటో చూడాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కానీ ఆ ఉద్దేశం ఏమిటని నాలుగేళ్లు వాదించుకోవడం కంటే, ఆ నెలలోనే ఒక ముక్క రాసి పెట్టుకోవడం తేలిక.

నోట్ల రూపంలో ఇచ్చే రోజుల్లో వద్దని చేయి వెనక్కి తీసుకోవడానికి వీలుండేది. ఇప్పుడు ఒకటో తారీఖు ఉదయం ఫోన్‌పేలో డబ్బు పడి, కింద ‘ఆగస్టు రెంట్’ అని ఉంటుంది. యజమాని చూడకముందే అది ఖాతాలో చేరిపోతుంది. అనుభవమున్న వకీళ్లు అదే రోజు జవాబు పంపమంటారు: గడువు ఫలానా తేదీతో ముగిసింది, ఈ మొత్తాన్ని అద్దెగా కాక ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా, నా హక్కులకు భంగం లేకుండా జమ చేసుకుంటున్నాను, అని. వాట్సాప్‌లో వెళ్లినా సరే, తర్వాత అదే మాట నోటీసులో కూడా రావాలి.

ఇందుకు వ్యతిరేక దిశలో జరిగేది మరొకటుంది. చివరి రెండు మూడు నెలలూ అద్దె ఆపేసి ‘అడ్వాన్సులో పట్టుకోండి’ అనడం. హైదరాబాదులో అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలలది కాబట్టి అది అక్కడితోనే కరిగిపోతుంది. ఆపైన కరెంటు బకాయి, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్, పగిలిన సింకు, మేకుల గోడలకు రంగులు అన్నీ యజమాని మీద పడతాయి. పది నెలల అడ్వాన్సు అడిగే బెంగళూరు పద్ధతి ఈ భయంలోంచే పుట్టి ఉండాలి. కిరాయిదారు పక్షాన ఒక మాట చెప్పాలి. అడ్వాన్సు తిరిగి ఇవ్వడంలో ‘పెయింటింగుకు పోయింది’ అని చేతులు దులుపుకునే యజమానులు తక్కువేం కాదు. ముందు జాగ్రత్తగా అద్దె ఆపేసేవాళ్లను తయారుచేసింది వాళ్లే.

నోటీసు

నెలవారీ అద్దెకు 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు కావాలి. వ్యవసాయానికి, వస్తూత్పత్తికి ఇచ్చిన లీజులకైతే ఆరు నెలలు. ఒకప్పుడు ఈ నోటీసు న్యాయవాదుల పాలిట వలలా ఉండేది. అద్దె నెల ఏ తేదీతో ముగుస్తుందో సరిగ్గా ఆ తేదీకే నోటీసు కూడా ముగియాలి. ఐదో తారీఖున చేరినవాడి నెల నాలుగో తారీఖుతో ముగుస్తుంది. నోటీసులో నెలాఖరు అని రాస్తే, కిందికోర్టులో గెలిచిన దావా పైకోర్టులో ఆ ఒక్క కారణంతో పోయేది. 2002 చివరి నుంచి అమల్లో ఉన్న సవరణ ఆ వల తెంచింది. నోటీసు అందిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నోటీసులో రాసిన గడువు తక్కువైనా, దావా వేసేనాటికి పదిహేను రోజులూ గడిచి ఉంటే చాలు.

1960 చట్టం కింద రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లేవారికి 106 నోటీసు అవసరమే లేదని 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం పాత విద్య. సరైన చిరునామాకు, సరైన పోస్టేజీతో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కవరు అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. కాబట్టి ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అన్న రాతతో తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే దాచి కోర్టులో దాఖలు చేయాలి.

నోటీసుకు జవాబుగా వచ్చేవి ఎక్కువగా అందరికీ తెలిసిన మాటలే. పిల్లల పరీక్షలు అయ్యాక వెళ్తాం. ఆషాఢంలో ఇల్లు మారకూడదు, శ్రావణం రానివ్వండి. మూఢం నడుస్తోంది. వీటికి చట్టంలో విలువ లేదు, సంసారాల్లో ఉంది. గడువు మే నెలాఖరుకు ముగిసేలా అగ్రిమెంటు రాసుకున్న యజమాని ఈ సంభాషణలో సగం తప్పించుకుంటాడు. వేసవి సెలవులు, కొత్త బడి, శుభముహూర్తం చాలావరకు ఆ సమయానికే పడతాయి.

తాళం, కరెంటు, పోలీసు స్టేషను

విసిగిపోయిన యజమాని మొదట మీటరు దగ్గరికి వెళ్తాడు. తర్వాత నీళ్ల వాల్వు, ఆ తర్వాత కిరాయిదారు ఊరెళ్లినప్పుడు మరో తాళం. మూడూ నేరుగా అతనికే తగులుతాయి. చట్టబద్ధంగా కాకుండా స్వాధీనం పోగొట్టుకున్నవారు ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న ప్రశ్నలోకి పోకుండానే కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పిస్తుంది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ దీని కోసమే ఉంది. చివరకు ఇంటి యజమాని తన ఇంట్లోకే కిరాయిదారును మళ్లీ తీసుకురావాల్సి వస్తుంది. గడువు తీరినవాడినైనా చట్టప్రకారమే తీయాలని 1989లో కృష్ణరామ్ మహాలే కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పోలీసు స్టేషనులో ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపేస్తే నిందించాల్సిన పని లేదు. అది నిజం. పంచాయితీ చేసి ఖాళీ చేయిస్తానన్న స్టేషనును నమ్మితేనే ముప్పు. బెదిరింపు, కొట్లాట, ఆస్తి ధ్వంసం జరిగితే మాత్రం ఫిర్యాదు ఇవ్వాలి.

ఇలాంటి దౌర్జన్యం జరగొచ్చన్న సాకుతో కిరాయిదారే ముందుగా కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకోవడం మామూలు. ఏకపక్షంగా ఉత్తర్వు రాకుండా యజమాని కేవియట్ వేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద అది తొంభై రోజులు పనిచేస్తుంది. ఇంజంక్షన్ వచ్చినా దాని మాట సాధారణంగా ‘చట్టబద్ధ ప్రక్రియతో తప్ప ఖాళీ చేయించవద్దు’ అనే వరకే. దావా వేసిన యజమానికి అది అడ్డు కాదు.

దావా

ఖాళీ, బకాయి, నష్టపరిహారం మూడూ ఒకే దావాలో అడుగుతారు. యజమాని రుజువు చేయాల్సింది మూడే: అద్దె సంబంధం ఉంది, 1960 చట్టం వర్తించదు, అద్దె ముగిసింది లేదా నోటీసు అందింది. నిజాయతీగా చూస్తే ఇవి ఒక్క పూటలో తేలేవి. కిరాయిదారు తన జవాబులోనే వీటిని ఒప్పుకుంటే, విచారణ పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ ఒప్పుకోలు మీదే తీర్పు ఇమ్మని కోడ్‌లోని 12వ ఆర్డరు 6వ రూల్ కింద అడగవచ్చు. ఈ రూల్‌ను మన జిల్లా కోర్టుల్లో వాడాల్సినంత వాడటం లేదు.

కిరాయిదారు వైపు వ్యూహం సాధారణంగా కాలయాపనే. జవాబుకు వాయిదా, నోటిమాట మీద అమ్మకం ఒప్పందం జరిగిందన్న కథ, యజమాని అన్నదమ్ముల్లో ఒకరిని పట్టుకుని ‘అసలు ఓనరు ఈయన’ అనడం. చివరిదానికి చట్టం గట్టి జవాబే ఇచ్చింది. ఎవరి దగ్గర అద్దెకు చేరాడో వారి హక్కును కిరాయిదారు కాదనలేడు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 116వ సెక్షన్‌గా ఉన్న ఈ సూత్రం భారతీయ సాక్ష్య అధినియమంలో 122గా కొనసాగుతోంది.

ఓడిన కిరాయిదారు అప్పీలులో స్టే అడుగుతాడు. ఇక్కడ ఉపయోగపడే తీర్పు ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో 2004 డిసెంబరులో వచ్చింది. ఢిల్లీ కన్నాట్ సర్కస్‌లోని దుకాణం అద్దె నెలకు 371 రూపాయల 90 పైసలు. ఖాళీ ఉత్తర్వు మీద స్టే కావాలంటే నెలకు 15,000 కట్టమని ట్రైబ్యునల్ అంది. హైకోర్టు దాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు నిలబెట్టింది. డిక్రీ పడ్డాక అతను పాత అద్దె చెల్లించే కిరాయిదారు కాడని, మార్కెట్ ధర ప్రకారం చెల్లించాలని చెప్పింది. అప్పీలు పెండింగులో ఉండటం లాభసాటి కానప్పుడే అప్పీళ్లు తగ్గుతాయి.

డిక్రీ తర్వాత అమలు పిటిషను. కోర్టు అమీనా వచ్చి, అవసరమైతే అనుమతితో తాళం పగలగొట్టి, సామాన్ల జాబితా రాసి, స్వాధీనం అప్పగిస్తాడు. ఈ దశలో కొత్తగా ఎవరో బావమరిది ‘నేనే ఇందులో ఉంటున్నాను’ అని అడ్డం పడటం తరచూ జరుగుతుంది. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పన్నెండేళ్ల అపోహ

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అవుతుందన్న నమ్మకం ఊరూరా ఉంది. అది తప్పు. యజమాని అనుమతితో ఉన్నవాడి స్వాధీనం ఎన్నేళ్లయినా అనుమతితో ఉన్న స్వాధీనమే. శత్రుభావంతో, బహిరంగంగా, తనదేనని ఉన్నప్పుడే ప్రతికూల స్వాధీనం మొదలవుతుంది. ఈ పుకారుకు మూలం లిమిటేషన్ చట్టంలోని 67వ ఆర్టికల్ కావచ్చు. అద్దె ముగిసిన నాటి నుంచి పన్నెండేళ్లలోపు స్వాధీనం కోసం దావా వేయాలని అది చెబుతుంది. అద్దె నడుస్తున్నంత కాలం ఆ లెక్క మొదలే కాదు.

దుకాణాలు, దేవాలయ ఆస్తులు

నివాసాల కంటే దుకాణాల తగాదాలు గట్టివి. కోఠి, సుల్తాన్ బజార్, విజయవాడ వన్‌టౌన్ వంటి చోట్ల తాతల కాలం నాటి కిరాయిలు, పగిడీ కింద చేతులు మారిన మొత్తాలు, కాగితం మీద లేని హామీలు కలిసి ఉంటాయి. యజమానికి నిజమైన సొంత అవసరం ఉందని నిరూపించడమే అక్కడ ప్రధాన మార్గం.

అదే వీధిలో గుడికి చెందిన దుకాణం సంగతి వేరు. 1987 దేవాదాయ చట్టం ప్రకారం లీజు ముగిశాక కూడా ఉన్నవాడు ఆక్రమణదారు. అతన్ని తీసేందుకు ప్రత్యేక విధానం ఉంది. వక్ఫ్ ఆస్తులకు 2013 సవరణ ఇలాంటి నిర్వచనమే ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు 1971 చట్టం ఉంది. దేవుడికి, ప్రభుత్వానికి దగ్గరి దారి వేసిన చట్టం పింఛను మీద బతికే విశ్రాంత టీచరుకు మాత్రం పూర్తి సివిల్ దావానే మిగిల్చింది. ఇది సమర్థించుకోగలిగిన తేడా కాదు.

విదేశాల్లో ఉన్న యజమానులు

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ మణికొండలో ఫ్లాటు అద్దెకిచ్చిన తెలుగువారికి ఇబ్బంది దూరంతో మొదలై పవర్ ఆఫ్ అటార్నీతో ముదురుతుంది. విదేశంలో రాసిన పవర్‌కు ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. పైగా, యజమానికి మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద పవర్ పొందినవారు ఆయన బదులు సాక్ష్యం చెప్పలేరని జానకీ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అద్దెకిచ్చింది, అద్దె వసూలు చేసింది, నోటీసు పంపించింది ఒకే వ్యక్తి, అంటే ఇక్కడున్న తండ్రో చెల్లెలో అయితే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

రాజీ

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం నివాసాలకు రెండు నెలలు, ఇతరాలకు ఆరు నెలలు మించని అడ్వాన్సును, గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్ల అద్దెను సూచించింది. రాష్ట్రాలు అమల్లోకి తెచ్చుకుంటేనే అది పనిచేస్తుంది. మహారాష్ట్రలో లైసెన్సు గడువు దాటినవారి నుంచి రెట్టింపు వసూలు 1999 చట్టం నుంచే ఉంది. ఢిల్లీ అద్దె చట్టం 1995లో రాష్ట్రపతి ఆమోదం పొంది కూడా ఎప్పుడూ అమల్లోకి రాలేదు. చట్టం మారుతుందని ఎదురుచూసే యజమాని గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ అది.

అందుకే రాజీకి విలువ. రెండు నెలల బకాయి వదులుకుని, అడ్వాన్సు ఖాళీ చేసిన రోజే చేతిలో పెడతానని, అవసరమైతే సామాన్ల లారీ ఖర్చు భరిస్తానని చెప్పడం చాలామంది యజమానులకు మింగుడుపడదు. లెక్క వేస్తే దావా ఖర్చు కంటే అదే తక్కువ. ఆ రాజీని మాటగా వదలకూడదు. మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లోక్ అదాలత్‌లో, దావా వేయకముందే, ఖాళీ చేసే తేదీతో సహా రికార్డు చేయించుకోవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. ఆ తేదీ దాటితే నేరుగా అమలు పిటిషనుకే వెళ్లవచ్చు.

ఇల్లు అప్పగించే రోజున మీటరు రీడింగు ఫొటో, కట్టిన చివరి కరెంటు, నీళ్ల బిల్లులు, తాళంచెవుల సంఖ్య, తిరిగిచ్చిన అడ్వాన్సు మొత్తం ఒకే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ కాగితం లేకపోతే ఖాళీ చేసిన తేదీ మీద కూడా దావా పడుతుంది.